బావగారు అడిగిన హార్డ్ డిస్కు

అక్కకి,

నమస్కారాలు. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. నువ్వూ, బావగారూ, అమ్మా బాగున్నారనుకుంటున్నాను. అమ్మ కంట్లో చుక్కలు వేస్తున్నావా? తనంతట తాను అడగదు, నువ్వే గుర్తుపెట్టుకోవాలి. వానకి మగ్గం గుంటలోకి చెమ్మ వచ్చిందన్నావు, ఆరిందో లేదో చెప్పు.

బెజవాడలో వానలు పడుతున్నా ఉక్క తగ్గలేదు. హాస్టలు తిండికి అలవాటు పడ్డాను. గోంగూర పచ్చడి పెడతారు గానీ అందులో గోంగూరని వెతుక్కోవాలి. ఆదివారాలే కాస్త కష్టం. గదిలో మిగతా అమ్మాయిలు ఊళ్ళకి పోతారు. నేను బట్టలు ఉతుక్కుని, ఏలూరు కాలవ గట్టున కాసేపు నడిచి వస్తాను. దిగులు పడకు, బాగానే ఉన్నాను.

మొన్న నువ్వు ఫోన్లో ఒక మాట చెప్పావు. చేనేత సొసైటీ కంప్యూటర్లో ఉన్న చీర అంచుల డిజైన్లన్నీ దాచడానికి బావగారు హార్డ్ డిస్కు కొంటున్నారనీ, ఏది కొనాలో నన్నడగమన్నారనీ. "మన సుభాషిణి పెళ్ళి వీడియోల స్టూడియోలో పని చేస్తోంది, ఆ పిల్లకి తెలియనిదేముంది" అన్నారట. నేను సిగ్నలు లేదని చెప్పి పెట్టేశాను. సిగ్నలు బాగానే ఉందక్కా. సిగ్గేసి అబద్ధం చెప్పాను. మళ్ళీ ఫోను చేద్దామంటే నువ్వు స్పీకరు పెడతావు, పక్క మగ్గాల వాళ్ళంతా వింటారు. అందుకే రాస్తున్నాను.

ముందు బావగారికి చెప్పాల్సింది చెబుతాను. తెలిసిన షాపులోనే, సీలు విప్పని పెట్టె, బిల్లు రాయించుకుని తీసుకోమను. పట్టేది మరీ ఎక్కువ, ధర మరీ తక్కువ అంటే ముట్టుకోవద్దను. తెచ్చాక ఏవో ఒకటి నిండా ఎక్కించి, చివర ఎక్కించినవి తెరిచి చూడమను. మొదటివి తెరుచుకున్నాయని నమ్మొద్దు. వీలైతే రెండు కొని, ఒకటి సొసైటీలో, ఒకటి ఇంట్లో పెట్టమను. డిస్కులోకి ఎక్కించాం కదా అని కంప్యూటర్లోవి చెరిపెయ్యొద్దను. చెరిపేస్తే అది దాచుకున్నట్టు కాదు, ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట పెట్టినట్టు.

ఇవేవీ తెలియకుండానే మా స్టూడియోకి డిస్కు కొన్నది నేనే.

వేసవి ముహూర్తాలకి మా కంప్యూటరు నిండిపోయింది. ఓనరు ప్రసాద్ గారు ఊపిరాడని పనిలో ఉండి, "అమ్మా సుభాషిణీ, మనం ఎప్పుడూ కొనే షాపుకెళ్ళి మంచి డిస్కు చూసి తీసుకురా" అన్నారు. ఆయన నాకు అలాంటి పని అప్పజెప్పడం అదే మొదలు. ఆ షాపులో చూపించిన డిస్కు లావుగా, పాతకాలం రేడియోలా కనిపించింది. అదే వీధిలో ఇంకో కొట్టులో అరచేతిలో పట్టేంత డిస్కు పెట్టారు. పట్టేదేమో ఆ లావుదానికి చాలా రెట్లట, ధర తక్కువ. "లేటెస్టు మోడలండి మేడమ్. మీ సీజన్ మొత్తం ఇందులో పడేసుకోవచ్చు" అన్నాడు కొట్టతను. మేడమ్ అన్న మాటకే సగం పడిపోయానేమో. బిల్లు కూడా అడగలేదు. ప్రసాద్ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పర్లేదే, బేరం చెయ్యడం నేర్చుకున్నావ్" అని అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ పూటంతా నేల మీద లేను.

అప్పటికే ఎడిటింగు అయిపోయి, సినిమా చేసి ఇచ్చేసిన పెళ్ళిళ్ళ మిగతా షూటింగంతా అందులోకి ఎక్కించాను. మొదటి రెండూ తెరిచి చూశాను, చక్కగా ఆడాయి. మిగతావి పేర్లు కనిపిస్తున్నాయి కదా అని కంప్యూటర్లో చెరిపేశాను.

ఆషాఢం వచ్చి పని తగ్గాక, కంకిపాడు నుంచి పావని అనే అమ్మాయి ఫోను చేసింది. గన్నవరం దగ్గర ఫంక్షన్ హాల్లో పెళ్ళయిన అమ్మాయి. పెళ్ళయిన కొన్నాళ్ళకే వాళ్ళ తాతగారు పోయారట. పెళ్ళి సినిమాలో ఆయన అక్షింతలు వేస్తూ ఒక్క క్షణం కనిపిస్తారంతే. "తాతయ్యని విడిగా కూర్చోబెట్టి మాట్లాడించారంటగా, అది ఇస్తారా అక్కా?" అని అడిగింది. ఇస్తానమ్మా అన్నాను. వెళ్ళి డిస్కు పెట్టాను. ఆ పెళ్ళి పేరుంది, లోపల ఫైళ్ళ పేర్లున్నాయి. ఒక్కటీ తెరుచుకోలేదు.

రిపేరు చేసే ఆయన డిస్కు విప్పి చూపించాడు. లోపల ఉన్నది చిన్న చిప్పు. నిండిపోయాక కూడా ఎక్కుతున్నట్టే చూపిస్తుందట, నిజానికి ఏమీ ఎక్కదట. "దీన్లోంచి తియ్యడానికేం లేదండీ, అసలు లోపలికి వెళ్తే కదా" అన్నాడు.

ప్రసాద్ గారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. పావనికి ఆయనే ఫోను చేసి, "సినిమా ఇచ్చేశాక మిగతాది మేం ఉంచమండి, రూల్సు అంతే" అని చెప్పేశారు. నేను పక్కనే నిలబడి విన్నాను. ఆ అమ్మాయి "అయ్యో, ముందే అడగాల్సింది, నాదే తప్పు" అనడం నాకు వినపడింది. ఆ మాట తర్వాత అన్నం సయించలేదు. రెండు రోజులు చూసి, "నేను వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పొస్తానండి" అన్నాను. ఆయన తల ఎత్తకుండానే, "నీ ఇష్టం. కానీ వాళ్ళు పది మందికీ చెబితే పోయేది నా పేరు" అన్నారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియకుండానే కంకిపాడు బస్సెక్కాను.

ఇంట్లో పావనీ, వాళ్ళమ్మగారూ ఉన్నారు. హాల్లో తాతగారి ఫోటోకి దండ వేసి ఉంది. ఫోటో మసగ్గా ఉంది. నేను చేసిన సినిమాలోంచే ఆ ఒక్క క్షణాన్ని తీసి పెద్దది చేయించుకున్నారు. దాని ఎదురుగా కూర్చుని చెప్పాను. రూల్సు ఏమీ లేవనీ, నకిలీ డిస్కు కొన్నది నేననీ, చూసుకోకుండా చెరిపింది నేననీ.

పావని తాతగారి ఫోటో వైపు తిరిగింది. తర్వాత, "పోనీ మీరు చూశారు కదక్కా? తాతయ్య ఏం మాట్లాడాడు?" అంది.

అది తనకి ఇంకెవరూ చెప్పలేరు. పావని అంతకుముందే కెమెరా అతన్ని అడిగితే, ముహూర్తం దగ్గరపడిందని కెమెరా స్టాండు మీద పెట్టి, "మీరు మాట్లాడుతూ ఉండండి తాతగారూ" అని మండపానికి పరిగెత్తానన్నాడట. ఆయన ఎదురుగా ఎవరూ లేరు. ఎడిటింగు చేస్తూ ఆ షూటింగు చూసిన మనిషిని నేనొక్కదాన్నే.

అక్కా, నోటిదాకా వచ్చింది. "నువ్వు చల్లగా ఉండాలన్నారమ్మా" అంటే సరిపోయేది. ఏ తాతగారైనా అనే మాటే. ఇద్దరూ నా మొహంలోకే చూస్తున్నారు.

"నేను వినలేదమ్మా" అన్నాను. "సౌండు పెట్టలేదు. చెవుల్లో పాటలు పెట్టుకుని, స్పీడుగా జరుపుకుంటూ చూశాను. ముసలాయన ఒక్కడే కూర్చుని మాట్లాడుతున్నాడు, ఇందులో ఏముంది అని తీసేశాను."

డిస్కు సంగతి చెప్పినప్పుడు కూడా అంత సిగ్గు పడలేదు. డిస్కు మోసం ఎవరో చేసింది. ఇది నేను చేసింది.

పావని లేచి లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మగారు కాఫీ తెచ్చి పెట్టారు. నేను తాగలేదు, లేవనూ లేకపోయాను. కాసేపటికి పావని మొహం కడుక్కుని వచ్చి, నా ముందు నేల మీద కూర్చుంది.

"చేతులు ఎలా పెట్టుకున్నాడో అయినా చెప్పండి" అంది.

గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పాను. కండువా తీసి మడిచి మళ్ళీ వేసుకున్నారు. మండపం వైపు చూశారు. ఒకసారి అరచేతిని నేలకి ఇంతెత్తున పెట్టి చూపించి, తనలో తానే నవ్వుకున్నారు.

"ఇంతెత్తునా?" అని పావని నా చెయ్యి పట్టుకుని సరిచేసింది. "అమ్మా, నేను చేపల చెరువులో పడిన కథ! అది చెప్పేటప్పుడే అలా పెడతాడు చెయ్యి."

వాళ్ళమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వో ఏడుపో తెలియలేదు. తర్వాత ఇద్దరూ కలిసి ఆ కథ నాకు చెప్పారు. చిన్నప్పుడు పావని చేపలకి తవుడు వెయ్యబోయి బుట్టతో సహా చెరువులో పడితే, తాతగారు పంచె కూడా సర్దుకోకుండా దూకారట.

"చివర్లో ఏం చేశాడు?" అంది పావని.

"చివర్లో ముందుకి వంగి ఏదో చిన్న మాట అన్నారమ్మా. అని, కెమెరాకి దణ్ణం పెట్టారు."

తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దానికి వాళ్ళ దగ్గర కథ లేదు.

ఉద్యోగం ఉందక్కా, కంగారు పడకు. ప్రసాద్ గారు కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. తర్వాత తనే వెంట వచ్చి రెండు డిస్కులు కొన్నారు. ఇప్పుడు ఏ పెళ్ళయినా సౌండు పెట్టుకుని మొదట్నించీ చూస్తున్నాను. పని ఆలస్యమవుతోందని విసుక్కుంటారు, పడతాను. బావగారికి ఇదంతా చదివి వినిపించినా పర్లేదు. నా గురించి గొప్పగా చెప్పడం మాత్రం మానమను. అమ్మకి నువ్వే మెల్లగా చెప్పు, నేను చెప్పలేను. వీలైతే చల్లపల్లి బస్సులో వచ్చేవాళ్ళెవరితోనైనా చింతకాయ తొక్కు పంపించు.

ఆ రోజు బయల్దేరుతుంటే పావని వాళ్ళమ్మగారు గేటు దాకా వచ్చి, "చాలాసేపు మాట్లాడారా ఆయన?" అని అడిగారు. చాలాసేపు మాట్లాడారండి అన్నాను. "ఎదురుగా ఎవరూ లేకపోయినా మాట్లాడారా?" అన్నారు. అవునన్నాను.

మనిషి లేకుండా అంతసేపు ఎలా మాట్లాడారా అని బస్సులో ఆలోచించుకుంటూ వచ్చాను. తర్వాత ఎవరో కూర్చుని వింటారనే కదక్కా ఆయన నమ్మకం. ఆ వినాల్సిన మనిషిని నేనే.

అమ్మకీ, బావగారికీ నా నమస్కారాలు. మీ దీవెనలు నా మీద ఉంచండి, నాకిప్పుడు వాటితో పనుంది.

నీ చెల్లెలు
సుభాషిణి