ఓడలో బార్బోరాకు ఉంచిన చోటు

హృదయాలను పరిశోధించే దేవుని ఎదుట, లిథువేనియా దేశంలోని కేదాయ్నై పట్టణంలో కాపురముంటున్న నినియన్ బెథూన్ అను నేను స్వహస్తంతో రాసుకున్న మరణశాసనం. నేను స్కాట్లాండులో, ఫైఫ్ తీరాన పిట్టెన్‌వీమ్ అనే ఊళ్లో జాలరి కొడుకుగా పుట్టాను. మొదట డెన్మార్క్ రాజుకు, తరువాత స్వీడన్ రాజుకు, చివరకు ఈ ఊరి ప్రభువుకు కత్తిపట్టి కొలువు చేశాను. నొప్పులతో కాళ్లు కదలవు గాని మతి చెడలేదు. ఎవరి ప్రలోభానికీ, బెదిరింపుకూ లోబడి రాస్తున్నది కాదు. బడికి పోయినవాణ్ని కాను, చనిపోయిన సిపాయి సంచిలో దొరికిన బైబిలులోనే అక్షరాలు కూడబలుక్కున్నాను. ఇందులో తప్పులుంటే దిద్దండి, అర్థం మాత్రం మార్చకండి.

ఒకటి. యోసేపు తన ఎముకలను ఐగుప్తు నుంచి స్వదేశానికి మోసుకుపొమ్మని ప్రమాణం చేయించుకున్నాడు. నేను ఎవరిచేతా చేయించుకోను. నన్ను ఈ ఊళ్లోనే, మన స్కాట్లాండువాళ్ల ప్రొటెస్టెంటు సంఘపు గుడి వెనుక పూడ్చవలెను. ముఖం సముద్రం వైపు పెట్టమని అడగాలని ఉంది. తిరిగి లేచేవాడికి దిక్కులతో పనేమిటని నేనే బల్ల గుద్ది బోధించాను గనుక అడగను.

రెండు. నా గొర్రెతోలు కోటు సార్జెంటు మంగో కార్మైకేల్‌కు చెందవలెను. పొమెరేనియాలో ఒక కోట ముట్టడికి ముందు, మంచులో నిలబడి నేను దేవుని ఉగ్రతను గురించి ప్రసంగిస్తుంటే ఈ మనిషి దళమంతా వినేట్టు అన్నాడు: "ఒరేయ్ నినియన్, గాలివాటు చూసుకుని ఇంకాస్త గట్టిగా చెప్పరా. లోపలివాళ్లు విసుగెత్తి తలుపులు తీస్తారు, మనకు తుపాకిమందు మిగులుతుంది." వాక్యం చెప్పే చోట నవ్వులు పుట్టించాడు. నేను మరచిపోలేదు, ఎలీషా ప్రవక్తను వెక్కిరించినవాళ్లను ఎలుగుబంట్లు చీల్చాయని అప్పుడే గుర్తు చేశాను కూడా. అయితే ఆ చలికాలంలోనే జ్వరంతో పడిపోయిన నన్ను పడవ దాకా వీపున మోసినవాడూ ఇతడే. దారి పొడవునా సణుగుతూనే మోశాడు. కోటు వెచ్చగా ఉంటుంది, కప్పుకోమనండి.

మూడు. పైన చెప్పిన బైబిలు పిట్టెన్‌వీమ్‌లో ఉన్న నా చెల్లెలు గ్రిసెల్‌కు చేర్చవలెను. సిపాయిలను చేర్చుకునే దండు డప్పు వెంట నేను వెళ్లిపోయిన పొద్దున అది వల బాగుచేస్తూ ఉంది. తలెత్తకుండానే, "చేపలు పడే కాలానికి వచ్చేస్తావుగా అన్నయ్యా, నాన్న ఒక్కడూ లాగలేడు" అంది. వస్తానన్నాను. ఆ తరువాత ఎన్నో రాజ్యాల నదులు దాటాను. ఇక్కడి ఏరు మంచిదే గాని నోరు లేనిది. ఒడ్డును కొట్టదు, ఉప్పు వాసన వేయదు. గాలి వీచిన రాత్రి పైకప్పు చప్పుడు విని, కెరటమేమోనని ఈ వయసులోనూ లేచి కూర్చుంటాను. బబులోను చెరలో నదుల ఒడ్డున కూర్చుని సొంత ఊరిని తలచుకుని ఏడ్చినవాళ్ల సంగతి నాకు ఎవరూ వివరించనక్కరలేదు.

నాలుగు. ఇక నా మనుమరాలు బార్బోరా. రష్యన్లతో పోరులో చనిపోయిన నా కొడుకు గావిన్‌కు ఏకైక సంతానం. దాని తల్లిని మహమ్మారి తీసుకుపోయింది. పిల్లను పెంచుతున్నది అమ్మమ్మ కోత్రీనా. ఆవిడ ఈ దేశస్థురాలు, రోము మతస్థురాలు.

మన సంఘపు పెద్ద, బట్టల వర్తకుడు ఆర్చిబాల్డ్ గ్లెన్ గారు, మంచు కరగగానే పిల్లను కేనిక్స్‌బర్గ్ రేవులో ఓడ ఎక్కించి గ్రిసెల్ దగ్గరకు పంపుదామన్నారు. "పోపు బోనులోంచి ఒక ఆత్మను లాగినట్టవుతుంది బెథూన్ గారూ" అన్నారు. ఆనందంతో ఏడ్చాను. నా కళ్లు మళ్లీ చూడలేకపోయిన తీరాన్ని దాని కళ్లయినా చూస్తాయనుకున్నాను. ఓడలో చోటు కూడా ఉంచారు.

మనవాళ్లు కీర్తన పాడే పద్ధతి మీకు తెలుసు: ఒకడు పాదం అందిస్తాడు, సభ దాన్ని తిరిగి పాడుతుంది. విశ్రాంతి దినాన నేను మన భాషలో పాదం అందిస్తే బార్బోరా పాడేది. దానికి ఒక్క ముక్క అర్థం కాదు, రాగం మాత్రం తప్పదు. కిందటి ఆదివారం పొయ్యి పక్కన కూర్చుని ఉండగా కాళ్ల నొప్పి ముదిరి, నాకు తెలియకుండానే మన భాషలో, ఆ రాగంలోనే మూలిగాను: "నన్ను ఇంటికి తీసుకుపొండి." పిల్ల అది కీర్తన పాదమనుకుంది. చేతులు కట్టుకుని లేచి నిలబడి గొంతెత్తి పాడేసింది.

ఊరదోసకాయలు తరుగుతున్న కోత్రీనా, "ఏం పాడింది అన్నయ్యగారూ?" అని అడిగింది. చెప్పాను. నా వచ్చీరాని మాటలను ఆవిడ పిల్లకు తమ భాషలో సరిగా చెప్పింది. పిల్ల పకపకా నవ్వింది. "ఇల్లు ఇదే కదా తాతయ్యా! అమ్మమ్మ ఇక్కడే ఉంది, ఆవు ఇక్కడే ఉంది. ఇంకెక్కడికి పోతావ్?"

కోత్రీనా నవ్వలేదు. "ఇంటికి తీసుకుపొమ్మనే ఈ పాట నేర్చుకోవడానికి మీకు జీవితమంతా పట్టింది. ఓడ ఎక్కిస్తే పిల్లకు అది కదలకముందే వచ్చేస్తుంది" అంది.

వాక్యంతో ఆవిడ నోరు మూయించబోయాను. అత్త వెంట పరాయి దేశానికి పోయిన రూతు గుర్తుకొచ్చింది. అయితే రూతు తన కాళ్ల మీద తాను నడిచి వెళ్లింది; ఎవరూ చెయ్యి పట్టి ఓడలో కూర్చోబెట్టలేదు. 

ఐదు. కాబట్టి బార్బోరా సంరక్షణ హక్కు సంపూర్ణంగా కోత్రీనాకు దఖలు పరచడమైనది. ఈ వీలునామా అమలు జరపవలసిన గ్లెన్ గారు పిల్లను ఏ ఓడా ఎక్కించరాదు. ఎదిగాక తానే వెళ్లి చూస్తానంటే అడ్డుపడరాదు, తోడు వెళ్లవలెను. పెద్దలు నన్ను బిడ్డలను అదుపు చేయలేని యాజకుడు ఏలీతో పోల్చదలిస్తే పోల్చుకోండి. కోత్రీనా జపమాలను నేను నేటికీ ఒప్పుకోను. తీర్పు దినాన ఆవిడతో నా వాదన మిగిలే ఉంది.

ఆరు. ఏటి ఒడ్డు ఇల్లు, తోట, ఆవు బార్బోరావి. సర్వహక్కులతో అనుభవించవలెను. నాకున్నవన్నీ ఇంతటితో పంచేశాను. ఇంటికి పోవాలన్న ఆశ ఒక్కటి మిగిలింది. దాన్ని ఎవరికీ రాయడం లేదు. నాతోపాటు పూడ్చవలెను.

క్రీస్తు శకం 1664, ఫిబ్రవరి నెల పదకొండవ తేదీన, కేదాయ్నైలో, నా ఇంట.

(సంతకం) నినియన్ బెథూన్

సాక్షులు:
పాట్రిక్ ఇన్నెస్, నేతగాడు
లుడ్విక్ ఫోస్, మంగలి