మన మందకు ఏ కుక్కపిల్ల?

నాన్నా, నాకు జ్వరం పూర్తిగా తగ్గింది, అమ్మను దిగులు పడొద్దని చెప్పు.

కుక్కపిల్లను ఎంచే పని తమ్ముడికి వదిలేశానన్నావు. ఆ ముక్క కూడా వాడి చేతే రాయించావు! ఇంట్లో ఉత్తరాలు రాసేది నేను కదా. పుస్తకాల్లో దీన్ని అసూయ అని అందంగా రాస్తారు. నాది మాత్రం ఒట్టి కుళ్లు.

వాడు వేటకుక్కే కావాలంటాడు. మొన్న నా పక్కమంచం పిల్ల మామయ్య అలాంటిదాన్ని హాస్టలుకు తెచ్చాడు. సన్నటి నడుము, పొడుగాటి కాళ్లు, ఎంత చూసినా తనివి తీరలేదు. ఇంతలో వంటావిడ మేకపిల్ల బెదిరి పరుగెత్తింది. కుక్క గొలుసు లాక్కుని వెంటపడి దాని కాలు పట్టేసింది.

"మంచిదేనమ్మా, పరిగెత్తేదాన్ని చూస్తే ఆగలేదు, అంతే!" అన్నాడాయన.

"ఆ సంగతి మా పిల్లకి తెలీదుగా!" అంది వంటావిడ.

మన గొర్రెపిల్లలు పొద్దస్తమానం పరుగెత్తేవే. అందుకని మందను కాచే జాతి పిల్లనే తీసుకో. పాలు మానగానే దొడ్లో గొర్రెల మధ్యే పెంచాలట, అప్పుడే వాటిని తనవాళ్లనుకుంటుందట. లైబ్రరీలో చదివాను. తమ్ముణ్ణి దాన్ని ఒళ్లో పెట్టుకోనివ్వకు.

కుంటి గొర్రె ఈనిందా? నా నీలం స్వెట్టరు పంపు. నా పాత దుప్పటి పంపొద్దు, కుక్కపిల్ల పడుకునే చోట పరుచు. సెలవులకు వచ్చేసరికి దానికి నా వాసన తెలిసుండాలి. ఇది పుస్తకంలో లేదు.

నానమ్మను అడిగానని చెప్పు. ఒరేయ్ తమ్ముడూ, ఈ కార్డు అందరికీ చదివి వినిపించేది నువ్వేగా. దుప్పటి మాట దాటెయ్యకు.

మీ పెద్దది