తొలిపొరుగు

అర్తిగెల్,
ఏప్రిల్ 1992

ప్రియమైన అక్కా,

ముందు కూర్చో. టీ కప్పు కింద పెట్టు. నేను ఇల్లు కొన్నాను.

నువ్వు అరవడం ఇక్కడికి వినిపిస్తోంది. ఫ్రాన్సులో, పిరెనీస్ కొండల కింద, రొట్టెల వ్యాను ఎప్పుడొస్తుందా అని ఊరంతా ఎదురుచూసే చోట. అమ్మ ఇల్లు అమ్మగా నా వాటాకి వచ్చిందంతా పెట్టేశాను. వేసవికి వచ్చిపోయే ఇల్లనుకో. చలికాలం మళ్ళీ ఇంగ్లండు వచ్చి హడర్స్‌ఫీల్డ్‌లో నా అద్దె గదిలోనే ఉంటాను కాబట్టి శోకాలు పెట్టకు.

ఇరవై ఏళ్ళు అమ్మని చూసుకున్నాను. ఆవిడ పోయి వారం తిరక్కుండానే మీ వెనక గదికి కొత్త వాల్‌పేపరు పడింది. ఎవరికోసమో నాకు తెలుసులే. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఇది నా గుమ్మం అని చెప్పుకోవడానికి ఇప్పటిదాకా ఒక్కటి లేదు. ఇప్పుడు ఉంది. తలుపు కిందివైపు పుచ్చిపోయింది, అయినా నాదే.

ఇంటిని కాజనావ్ అంటారు. అంటే కొత్తిల్లని అర్థం. ఎప్పటి కొత్తో ఎవరికీ తెలియదు. ఇక్కడ ఇంటిపేరంటే అచ్చంగా ఇంటికున్న పేరే, అందులో ఎవరు కాపురముంటే వాళ్ళకి అంటుకుంటుంది. రొట్టెలాయన నా పేరు అడగనైనా లేదు. "ఏమ్మా కాజనావ్, పెద్దదా చిన్నదా?" అన్నాడు రొట్టెలు చూపించి.

పక్కిల్లు లాయిత్. అందులో లెయోనీ అని ఎనభై దాటినావిడ ఒక్కతే ఉంటుంది. రిజిస్ట్రేషన్ రోజు పిలవకుండానే వచ్చి నోటరీ గదిలో కుర్చీ లాక్కుని కూర్చుంది. సంతకాలయ్యాక నా చెయ్యి పట్టుకుని, "అయితే నువ్వేనా నా తొలిపొరుగువి?" అని అడిగింది. పక్కింటిదాన్నే కదా, "అవునండీ, నేనే" అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నోటరీ లేచి నిలబడి మరీ నాకు చెయ్యిచ్చాడు. రాత్రి బడిలో నేర్చిన నా ఫ్రెంచికి ఇంత గౌరవమా అని మురిసిపోయాను.

మంచావిడే కానీ తలుపు తట్టడం తెలియదు. తిన్నగా వంటింట్లోకి వచ్చి, గిన్నె మూత తీసి చూసి, "ఉప్పు చాల్లేదు" అని వెళ్ళిపోతుంది.

హెరాల్డ్ బావని అడిగానని చెప్పు.

సొంతిల్లు గల నీ చెల్లెలు
ఏవిస్


హడర్స్‌ఫీల్డ్,
మే 1992

ప్రియమైన ఏవిస్,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాశాను, ఇంకేమీ అనుకోకు.

నీకు మతి గానీ పోయిందా? కుళాయి కారుతోందని ప్లంబరుకి చెప్పడానికి నీ దగ్గర ఫ్రెంచి ఉందా? జ్వరమొస్తే ఎవరిని పిలుస్తావు, ఆ రొట్టెలవాణ్ణా? చర్చిలో అందరూ నీ సంగతి అడుగుతున్నారు. మా చెల్లి పరాయి దేశంలో గొడ్లపాక కొనుక్కుని మహారాణిలా ఉందని చెప్పమంటావా?

వాల్‌పేపరు అని ఎత్తిపొడుస్తావేం? ఆ గదికి కాగితం అంటించింది బావ. మోకాళ్ళ నొప్పులతో నిచ్చెనెక్కి మరీ. నీలం నీకిష్టమని నాతో మూడు దుకాణాలు తిప్పించాడు. మా దగ్గరుంటే నీకేం తక్కువవుతుంది? పిల్లా పీచూ లేనివాళ్ళం, మాకు మాత్రం ఎవరున్నారు?

ఇల్లు అమ్మేసి వచ్చెయ్. కొనేవాళ్ళు దొరికేదాకా కనీసం ఆ తలుపుకి గడియన్నా పెట్టించు. ఇవాళ గిన్నె మూత తీసిన మనిషి రేపు నీ మంచమెక్కి పడుకుంటుంది.

నీ మంచి కోరే
డోరీన్

ఏవిస్, మీ అక్క ఇది పోస్టు చెయ్యమని నాకిచ్చింది. అతికించే ముందు నాదొక ముక్క. పైకప్పు పలకలు రాతివా, మట్టివా? ఫొటో పంపు. - హెరాల్డ్


అర్తిగెల్,
జులై 1992

ప్రియమైన అక్కా,

నీ మాట విన్నాను. వినకూడదని మరోసారి తెలిసొచ్చింది.

గడియ పెట్టించాను. మర్నాడు లెయోనీ వచ్చి తలుపు నెట్టింది. రాలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ తరవాత రొట్టెల వ్యాను నా గుమ్మం ముందు ఆగడం మానేసింది. కప్పు బాగుచేస్తానన్న మనిషి మొహం చూపించలేదు. సంతలో గుడ్లమ్మే ఆవిడ నన్ను చూసి గుడ్లన్నీ ఎవరికో ఇచ్చేశానంది, బుట్ట నిండా గుడ్లు పెట్టుకుని.

చివరికి ఉత్తరాలిచ్చే జినెట్‌ని పట్టుకుని, నేనేం పాపం చేశానమ్మా అని నిలదీశాను.

"మీరు కాదండీ. కాజనావ్ చేసింది. లాయిత్ మీద గడియ వేస్తుందా కాజనావ్?"

"నా ఇల్లు, నా గడియ."

"మరి తొలిపొరుగునని నోటరీ ఎదుట ఒప్పుకున్నారుగా!"

అప్పుడు తెలిసింది అక్కా, ఆ మాటకి అర్థం పక్కిల్లని కాదు. లాయిత్‌లో ఎవరన్నా పోతే ముందు పిలిచేది కాజనావ్‌నే. శవానికి స్నానం చేయించాలి, బట్టలు కట్టాలి, ఇంటింటికీ వెళ్ళి కబురు చెప్పాలి, వచ్చినవాళ్ళకి వండిపెట్టాలి. శవపెట్టె ముందు దీపం పట్టుకుని నడవాలి. అయినవాళ్ళంతా దాని వెనకే. కాజనావ్‌లో ఎవరుంటే వాళ్ళదే ఆ పని. తలుపు తట్టకుండా రావడం, గిన్నెలో తొంగిచూడడం అన్నీ అందులో భాగమేనట.

"నేను వేసవికి మాత్రమే వచ్చేదాన్ని కదా!" అన్నాను. జినెట్ పగలబడి నవ్వింది. "ఆ ముక్క లెయోనీకే చెప్పుకోండి."

వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది. అంతా విని, "ఓహో, సెలవులకొచ్చే పొరుగువా? అయితే నేను జులైలోనో ఆగస్టులోనో పోవాలన్నమాట. సరే, చూస్తాలే. ఈ నెల మాత్రం కుదరదు, చిక్కుళ్ళ పనుంది" అంది. తరవాత నవ్వు ఆపి, "ఇష్టం లేకపోతే పదిమందిలో లేదని చెప్పెయ్యమ్మా, తప్పేం లేదు. నేను ఆ పై ఇంటి లారియుని అడుక్కుంటాను. మా నాన్న కాలం నుంచీ వాళ్ళకీ మాకూ మాటల్లేవు, అయినా అడుక్కుంటాను" అంది.

నువ్వేమంటావో తెలుసు. అక్కడ మంచాన పడ్డవాళ్ళ సేవ వద్దని పారిపోయి, ఇక్కడ శవాల సేవకి ఒప్పుకుందంటావు. అను. కానీ ఈవిడ నన్ను చేస్తావా అని అడిగింది. వద్దనడానికి దారి కూడా తనే చూపించింది. అమ్మ విషయంలో ఆ రెండూ నాకెవ్వరూ చెయ్యలేదు.

గడియ ఊడదీశాను.

బావకి చెప్పు, పలకలు రాతివే. ఫొటో పెడుతున్నాను.

నీ
ఏవిస్


హడర్స్‌ఫీల్డ్,
అక్టోబరు 1992

ప్రియమైన ఏవిస్,

వేసవి అయిపోయింది. చలికాలానికి వస్తానని రాసింది నువ్వే.

బావ మెట్లెక్కడం మానేశాడు. మంచం కింది గదిలోకి దింపించాను. డాక్టరు ఏదేదో చెబుతాడు, నాకు సగం అర్థం కాదు. నువ్వుంటే అర్థమయ్యేది. నీ అద్దె గది నేనే వదిలేయించాను. మీ ఇంటావిడతో మాట్లాడి నీ సామాను మా ఇంటికి చేర్పించాను. నీ కుర్చీ నీలం గదిలో కిటికీ పక్కన వేశాను. ఈ నెలాఖరుకి బయల్దేరు.

ఎవరో ముసలావిడ ఎప్పుడు పోతుందా అని అక్కడ కాపలా కాస్తావా? తోడబుట్టినవాళ్ళ కంటే గోడ పక్కవాళ్ళు ఎక్కువయ్యారా నీకు?

డోరీన్


అర్తిగెల్,
నవంబరు 1992

ప్రియమైన అక్కా,

నా గది వదిలేయించి నాకు మేలే చేశావు. ఇన్నాళ్ళూ అక్కడో కాలు ఇక్కడో కాలు. ఇప్పుడు నాకు ఒక్కటే ఇల్లు మిగిలింది, అది ఇక్కడుంది. రాను. చలికాలమూ ఇక్కడే. కట్టెలు కొట్టించాను. ఆ కుర్చీ నువ్వు వాడుకో.

బావకి బాగోలేకపోతే రమ్మని నన్ను అడుగు. అడిగితే ఎందుకు రాను? కానీ అడగడమంటే నేను ఊళ్ళో లేనప్పుడు నా సామాను బండెక్కించడం కాదు. నేనేమన్నా మీ ఇంటి బీరువానా, ఈ గదిలోంచి ఆ గదిలోకి జరపడానికి?

ఈసారి బావ అడుగున తన ముక్క రాయలేదేం? నువ్వు రాయనివ్వలేదా? నీ మీద కోపంగా ఉంది, ఆయన మీద లేదు. ఆ మాట ఆయనకి చెప్పు.

ఏవిస్


అర్తిగెల్,
ఫిబ్రవరి 1993

ప్రియమైన అక్కా,

క్రిస్మస్‌కి కార్డు కూడా రాలేదు. అలిగితే అలిగావు. ఇది మాత్రం నీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను.

లెయోనీ పోయింది. జులైలోనూ కాదు, ఆగస్టులోనూ కాదు. మోకాలి లోతు మంచు పడ్డ రోజు చూసుకుని మరీ పోయింది. పొద్దున్న కిటికీ తలుపులు తెరవలేదేమా అని వెళ్ళాను. నిద్రలోనే అయిపోయింది.

స్నానం నేనే చేయించాను. అమ్మకి చేసిన చేతులు కదా, వాటికి అన్నీ గుర్తున్నాయి. తనే తీసిపెట్టుకున్న నల్లగౌను తొడిగాను. తరవాత ఆ మంచులోనే ఇంటింటికీ తిరిగి చెప్పాను. చివరికి లారియు ఇల్లు. ఆ ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, "ముందు నడిచేదెవరు?" అన్నాడు.

"నేనే."

"అయితే చర్చిదాకా దారిలో మంచు నేను తీస్తాను."

తీశాడు. ఇంతకాలం తిట్టుకున్న గడప ముందు నుంచి మొదలుపెట్టి.

ఇంతలో పట్నం నుంచి ఆవిడ మేనల్లుడు జెరార్ దిగాడు, నల్ల గ్లవుసులు తొడుక్కున్న అంత్యక్రియల కంపెనీ మనుషుల్ని వెంటేసుకుని. దీపం పట్టుకుని గుమ్మంలో ఉన్న నన్ను ఎగాదిగా చూశాడు.

"మా అత్తకి మీరేమవుతారు?"

"ఏమీ కాను. కాజనావ్‌ని."

"చూడండి మేడమ్. మీరు ఈ దేశం మనిషి కాదు, మాలా కాథలిక్కూ కాదు. సెలవులు గడపడానికొచ్చారు. మర్యాదగా ఆ దీపం ఇటివ్వండి."

ఇవ్వనన్నాను. ఫ్రెంచిలో అన్నానో మన భాషలో అన్నానో గుర్తులేదు గానీ అందరికీ అర్థమైంది. అతను చెయ్యి చాపాడు. నేను దీపాన్ని గుండెలకి అదుముకున్నాను, కోటు మాడినా సరే అని. అప్పుడు లారియు పార పక్కన పెట్టి, "బాబూ, నువ్వు ఊరు విడిచి చాలా రోజులైనట్టుంది. కాజనావ్ ముందు, నువ్వు వెనక. పద, చలేస్తోంది" అన్నాడు. ఊళ్ళో ఒక్కరూ కదల్లేదు. జెరార్ చూసి చూసి వెనక్కి నడిచాడు. కంపెనీ మనుషులు కారెక్కి కూర్చున్నారు. పెట్టె ఊరివాళ్ళే మోశారు.

నేను ముందు నడిచాను అక్కా. ఇంత మంది నా వెనక నడవడం నా బతుకులో అదే మొదటిసారి. ఏడ్చాను. గర్వంగా కూడా ఉంది, దాచుకోను.

భోజనాలవగానే జెరార్ లాయిత్‌ని అమ్మకానికి పెట్టాడు. "మీ దేశం వాళ్ళకి ఇలాంటి పాత కొంపలంటే మోజు కదా, ఎవరన్నా ఉంటే చెప్పండి" అన్నాడు నాతో. ఎవరో వస్తారు, రెండు నెలలుండి పోతారు. నేనెవరికి తొలిపొరుగునో ఇక తెలియదు. అయినా కదలను.

నువ్వెలా ఉన్నావు? బావెలా ఉన్నాడు? తిడుతూ అయినా సరే, రాయి.

ఏవిస్


హడర్స్‌ఫీల్డ్,
మార్చి 1993

ప్రియమైన ఏవిస్,

బావ లేడు. నవంబరులోనే పోయాడు. నీ ఉత్తరం వచ్చిన పొద్దున్నే ఆయన్ని శ్మశానానికి తీసుకెళ్ళారు. గుమ్మంలోనే చదివి, కోటు జేబులో పెట్టుకుని, కారెక్కాను. ఆయన ముక్క రాయలేదేమని అడిగావు. అక్టోబరుకే ఆయన చేతిలో కలం నిలవడం లేదు.

ఎందుకు చెప్పలేదంటావు. చెబితే వచ్చేసేదానివి. వచ్చి ఆ నీలం గదిలో ఉండిపోయేదానివి. నేను గెలిచేదాన్ని. మొగుణ్ణి పోగొట్టుకుని నీ మీద గెలవడం నాకక్కర్లేదు.

ఆరుగురు మోశారు. అందరూ కంపెనీ వాళ్ళే, ఒక్కడి పేరు తెలియదు నాకు. పక్కింటివాళ్ళు కర్టెన్ కాస్త తొలగించి చూసి మళ్ళీ మూసుకున్నారు. చెడ్డవాళ్ళు కారు. ఇన్నేళ్ళలో వాళ్ళ గుమ్మం నేనూ తొక్కలేదు. వాళ్ళ పిల్లి పేరు తెలుసు నాకు, అంతే. ఆ సాయంత్రం కెటిల్ నేనే పెట్టుకున్నాను, రెండు కప్పులు తీశాను, ఒకటి లోపల పెట్టేశాను.

మొన్నామధ్య నీ ఉత్తరం చదివి కుళ్ళుకున్నాను. నా చెల్లెలు ఎవరో పరాయి ముసలావిడకి చేసింది, హెరాల్డ్‌కి ఎవరూ చెయ్యలేదు అని ఏడ్చాను. రెండు రోజులు నిన్ను తిట్టుకున్నాను. మూడోరోజు బడి ఫ్రెంచి మాస్టారి దగ్గరకెళ్ళి ఆ జెరార్‌కి ఉత్తరం రాయించాను.

లాయిత్ నేను కొంటున్నాను. ఈ ఇల్లు అమ్మకానికి పెట్టేశాను. చర్చిలో అంతా అక్కాచెల్లెళ్ళిద్దరికీ పిచ్చి పట్టిందంటున్నారు. అనుకోనీ. నీ ఇంట్లో ఒక్క పూట కూడా ఉండను. నా వంట నాది, నీ వంట నీది. నాకు సేవ చెయ్యడానికి నువ్వు రానక్కర్లేదు, నీకు చెయ్యడానికి నేనూ రాను. నిన్ను మోసేదెవరో ఆ లారియుతో నువ్వే తేల్చుకో.

చిన్నప్పట్నుంచీ నీకు చెప్పడమే గానీ అడగడం నాకు తెలియదు. ఇది అడుగుతున్నాను. నీకంటే ఆరేళ్ళు పెద్దదాన్ని. కాబట్టి ఏదో ఒక రోజు నువ్వు నా ముందు నడవాల్సి వస్తుంది. నడుస్తావా ఏవిస్? అవునో కాదో రాయి. కాదన్నావని ఇల్లు కొనడం మానేస్తానని మాత్రం అనుకోకు.

మీ అక్క
డోరీన్