క్యాన్‌లో పట్టిన పైపు నీళ్లు

ఎల్బీనగర్, 2 అక్టోబరు 2011

అక్కా, నేను బాగానే ఉన్నాను, భయపడకు. స్వాతికి కొత్తగా వచ్చిన పళ్లకూ గార పట్టిందని రాశావు. అదంతా బోరు నీళ్లలోని ఫ్లోరైడు వల్లే.

ప్రత్యేక రాష్ట్రం కోసం జరుగుతున్న సమ్మెతో షూటింగులు ఆగాయి. షూటింగుల్లో హీరోయిన్ కూర్చునే కారవాన్ బండిని షెడ్డులో పెట్టి, కాపలాకు నన్నొక్కణ్ణే వదిలారు. అయినా వారానికోసారి దాని ట్యాంకులో మంచినీళ్లు మార్చాలి. మొన్న నీళ్లు పట్టి పైపు చుడుతుంటే మేనేజరు వచ్చి అరిచాడు.

"ఏవయ్యా, పైపు మూతి నేలకి ఆనిందే! మేడమ్ గారు మొహం కడుక్కునే నీళ్లవి."

"మా ఊర్ల పిల్లలు తాగే నీళ్లు ఎట్లున్నయో జర చూస్తరా సార్?" అన్నాను. పైపు మూతి కడగమని చెప్పి పోయాడు.

ఇక్కడ నల్లాలో వచ్చే ఈ కృష్ణ నీళ్లు మన జిల్లా మీదుగానే వస్తున్నాయి, మన ఊరికే అందవు. పైపులో చుక్క మిగిలినా వాసనొస్తుందని, మొత్తం వంచేసి, రెండు మూతులూ కలిపి బిగించి చుట్ట చుడతాను. ఆ వంచిన నీళ్లు పారబోయకుండా స్వాతి కోసం క్యాన్‌లో పడుతున్నాను. నేను ఆ క్యాన్ తెచ్చేదాకా పిల్లకు బోరు నీళ్లు పట్టకు, బావను బడి దగ్గరి ఫిల్టరు నీళ్లు తెమ్మను. అమ్మ మోకాళ్లు వంగుతున్నాయా?

మొన్నటి నుంచి నాతో మాట్లాడిన మనిషి లేడు. వెంటనే రాయి. స్వాతికి నా ముద్దులు. క్యాన్ నిండింది, తెద్దామంటే సమ్మెతో బస్సులే లేవు.

నీ తమ్ముడు
మధు