మగ్గాల షెడ్డులో నల్లగడి

మంగళవారం, రాత్రి అన్నం తిన్నాక

కాశిబుగ్గలో జంపఖానాలు నేసే సొసైటీ షెడ్డుకు ఇవాళ నాలుగు కెమెరాలు, వీడియో నిల్వచేసే రికార్డర్ డబ్బా బిగించాను. నూలు పోతోందని ప్రెసిడెంటు అనుమానం. డబ్బాను నెట్‌కు కలపగానే పాస్‌వర్డ్ అడిగింది. మనుమరాలి పేరు పెట్టమని ఆయన షెడ్డంతా వినేలా చెప్పాడు. నేను రేడియోలు విప్పి పని నేర్చుకున్నవాణ్ణి. రేడియో మనకు వినిపించేదే గాని మనల్ని చూసేది కాదు. సరే, అది వేరే కథ.

మూడో కెమెరాలో నూలు బస్తాల పక్కన, అక్కడ మగ్గం నేసే లచ్చమ్మ చాప కనబడింది. బీపీ గోలీ వేసుకుని మధ్యాహ్నం కాసేపు అక్కడే ఒరుగుతుంది. ప్రెసిడెంటుకు తెలిస్తే పనిలోంచి తీసేస్తాడు. సెట్టింగుల్లో బొమ్మలో కొంత భాగాన్ని కప్పేసే నల్లగడి ఒకటుంది. దాన్ని చాప మీదికి లాగి, ఆమెను పిలిచి చూపించాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"తీసెయ్యి బావా. రేపు నూలు పోతే ఆ నల్లగున్న జాగ ఎవలదంటరు? నాదేనంటరు. పండుకున్నదంటే పడ్త గని, దొంగదంటే పడ్తనా?"

తీసేశాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ప్రెసిడెంటు కెమెరాలను ఫోనులో తెరిచి చూశాడు. లచ్చమ్మ చాపను సరిగ్గా కెమెరా ఎదుటికే లాక్కుని, కొంగు ముఖాన కప్పుకుని పడుకుంది.

"గిదేంది మామా, నిద్రవోతాంది?"

"మంచిగ కనబడ్తాంది గదా. కెమెరా బాగనే పనిచేస్తాందన్నట్టు," అన్నాను.

నేను చెప్పులు వేసుకునేదాకా ఆయన ఫోను దించకుండా ఆమెనే చూస్తూ ఉన్నాడు. రేపు లచ్చమ్మ మగ్గం మీద ఎవరు కూర్చుంటారో...