కుదుపు నేను పెట్టుకున్నదే

తూనీగకి,

ఇక్కడ నేనూ అత్తయ్యా కులాసాగానే ఉన్నాం. నువ్వూ కులాసా అనే రాశావు గానీ, గీత దాటి కిందికి జారిపోయిన ఆ అక్షరాలు చూస్తే ఆస్పత్రి డ్యూటీ దిగి బట్టలైనా మార్చుకోకుండా రాసినట్టుంది. ఉత్తరం మడిచి పెట్టాను గానీ మనసు కుదుటపడలేదు.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు. అత్తయ్యకి మోకాలి నొప్పి తగ్గింది. మాత్రలు వేసుకోమంటే మాత్రం నామీద గయ్యిమంటున్నారు, కూతురు చెబితేనే వింటారట. వంటింట్లో కుళాయి కారడం ఆగింది. షాపులో పని ఎప్పటిలాగే ఉంది. రోజంతా వంగి జనం కంప్యూటర్ల దుమ్ము దులిపి, స్క్రూలు విప్పి బిగించి ఇల్లు చేరేసరికి ఒళ్ళు హూనమైపోతోంది. ఇంకో మెకానిక్‌ని పెడతానని ఓనరు అనడమే తప్ప పెట్టే జాడ లేదు.

ఇక అసలు ప్రశ్న. "గ్రాఫిక్స్ కార్డు పాతదే అనుకో, అంత మంచి మానిటర్ పంపించాను కదా, ఆదివారం ఆన్‌లైన్‌లో మన ఆట ఇంకా ఎందుకు కుదుపుతోంది?" అని అడిగావు. మొన్న షాపుకొచ్చిన ఒకాయనా ఇదే గొడవ. కొత్త మానిటర్ చంకన పెట్టుకొచ్చి, "ఇది నకిలీ సరుకండీ, పాతదానికీ దీనికీ తేడానే లేదు" అని ఎగిరిపడ్డాడు. చూస్తే పాపం దాని తప్పేం లేదు. సెకనుకి నూట నలభై నాలుగుసార్లు బొమ్మ మార్చగలదు, ఆయనేమో సెట్టింగుల్లో అరవై దగ్గరే వదిలేశాడు. మార్చి చూపించాను. మౌస్ బాణాన్ని అటూ ఇటూ తిప్పి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

అందులో ఇంకో మెలిక ఉంది. మానిటర్ ఎన్నిసార్లు మార్చగలిగినా, బొమ్మలు గీసి అందించాల్సింది కంప్యూటర్. మేస్త్రీ ఎంత చురుకైనవాడైనా, ఇటుకలందించేవాడు కునికిపాట్లు పడుతుంటే గోడ లేవదు. కంప్యూటర్ ముప్ఫై బొమ్మలే, అవీ ఒకటి తొందరగా ఒకటి ఆలస్యంగా ఇస్తే, తెర పాత బొమ్మనే మళ్ళీ మళ్ళీ చూపిస్తూ కూర్చుంటుంది. అదే మనకి కుదుపు. పోనీ కంప్యూటర్ మరీ ఎక్కువ గీసి తెర అందుకోలేకపోతే, బొమ్మ మధ్యకి చీలినట్టు కనిపిస్తుంది. రెండింటికీ జత కుదిరితేనే ఆట సాఫీగా సాగుతుంది. ఊరందరికీ బాగుచేసేవాడివి ఇంట్లోది చేసుకోలేవా అని నువ్వు అడగలేదు. ఆ బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు పాతబడిందని నేను చెప్తే నమ్మేశావు.

నిన్న అన్నం దగ్గర అత్తయ్య చెప్పారు. "ఏదో కార్డు కొనాలటగా బాబూ, అమ్మాయి సెలవు రోజు కూడా డ్యూటీకి వెళ్తోంది. కాళ్ళు వాచిపోయాయట. నీకు చెప్పొద్దంది." కంచం వదిలేసి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

ఇక దాచి లాభం లేదు. కార్డు శుభ్రంగా ఉంది. కుదుపు నేను పెట్టుకున్నదే. నువ్వు పంపిన మానిటర్ బిగించిన మొదటి ఆదివారం అన్నీ సరిగ్గా కుదిర్చాను. ఆట వెన్నలా సాగింది. కోట చకచకా దాటేశాం. "అబ్బ, ఎంత హాయిగా అయిపోయిందో! సరే, పడుకుంటా" అని నువ్వు వెళ్ళిపోయావు. వారమంతా ఎదురుచూసింది అంతలోనే అయిపోయింది. పాత మానిటర్ రోజుల్లో నేను ఏదీ సరిచేసుకోక వెనకబడేవాణ్ణి కదా, అప్పుడు నువ్వు ఆటలోని వంతెన దగ్గర ఆగేదానివి. "రా రా నత్తా, మెల్లగానే రా" అంటూ, నేనొచ్చేదాకా వార్డులో పేషెంట్ల సంగతి, చెప్పు కరిచిన సంగతి, నీ గదిలో అమ్మాయి గురక సంగతి చెప్పేదానివి. నాకు ఆ కబుర్లే కావాలి, కోట ఎవడికి కావాలి? అందుకే మరుసటి వారం ఆట సెట్టింగుల్లో నీడలూ, నీళ్ళ మీద మెరుపులూ అన్నీ ఆఖరిదాకా పెంచేశాను. కంప్యూటర్ ఆయాసపడింది, నువ్వు మళ్ళీ ఆగావు. అది నీ నిద్రకే ఎసరు పెడుతుందని ఊహించలేదు. సిగ్గుగా ఉంది.

ఫోన్ చేద్దామనుకున్నాను. నువ్వు నవ్వితే మాట మింగేస్తాను, ఏడిస్తే అసలే చెప్పలేను, అందుకని రాస్తున్నాను. తిట్టాలనిపిస్తే తిట్టు, పడతాను. ఆ అదనపు డ్యూటీలు మాత్రం ఉత్తరం అందిన రోజే మానెయ్.

సెట్టింగులన్నీ మళ్ళీ సరిచేశాను. ఈ ఆదివారం నువ్వు ఎక్కడా ఆగక్కర్లేదు, ఆట చిటికెలో అయిపోతుంది. అయిపోయాక మాత్రం వెంటనే వెళ్ళిపోకు. మాట్లాడే ఓపిక లేకపోతే మాట్లాడొద్దు. హెడ్‌ఫోన్ తీయకుండా అలాగే కళ్ళు మూసుకో. నువ్వు నిద్రలోకి జారుకునేదాకా నేను ఇటు పక్కన వింటూ కూర్చుంటాను.

ఇట్లు,
మీ ఆయన