న్యూయార్క్ ట్రిప్, ఇద్దరికి

శాంటా క్లారా
11 అక్టోబర్ 1983

మా వారికి,

కరుణ వందనాలు. నేనూ లూసీ బాగున్నాం. పార్సిప్పనీలో చలి మొదలైందని రాశారు. నీలం స్వెటర్ మీ పెట్టెలో అడుగున ఉంటుంది, తీసి వేసుకోండి.

ఈ ఉత్తరం ఇరవయ్యో తేదీలోపే మీకు చేరాలి. ఆ రోజు ఉదయం పదకొండింటికి నేను ఆడిన ఆట టీవీలో వస్తుంది. అది చూడకముందే మీ దగ్గర ఒక అబద్ధం ఒప్పుకోవాలి. ఆగస్టులో ఆ ఆట ఆడి లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చాక ఫోన్‌లో, "మొదటి రౌండ్‌లోనే ఓడిపోయానండీ, ఫ్లోర్ పాలిష్ డబ్బాలు ఇచ్చి పంపించారు" అన్నాను. డబ్బాల మాట నిజమే. మొదటి రౌండ్ మాత్రం నేనే గెలిచాను.

బోర్డు మీద అన్నీ ఖాళీ గళ్ళు, మధ్యమధ్య నాలుగైదు అక్షరాలు. పక్కనున్న ఇద్దరూ దాగున్న మాటేదో కనిపెట్టలేక తడుముకుంటున్నారు. నాకు చూడగానే తెలిసిపోయింది. ఐదు రొట్టెలు, రెండు చేపలు! సండే స్కూల్లో పన్నెండేళ్ళు పిల్లలకి చెప్పిన పాఠం. ఇంగ్లీషులోనే అయినా సరిగ్గానే చెప్పాను. పదిహేడు వందల యాభై డాలర్లు వచ్చాయి.

ఆ డబ్బు చేతికివ్వరని మీకు తెలుసు. స్టేజీ పక్కన షాపులాగా వస్తువులు సర్ది, ధర చీటీలు పెడతారు. గెలిచినవాళ్ళు అక్కడికక్కడే, కెమెరా చూస్తుండగా, ఏవేం కావాలో గబగబా చెప్పాలి. మిగిలినదానికి గిఫ్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే అది మనదే. "ఆన్ అకౌంట్" అంటే మాత్రం తర్వాత రౌండ్‌లో గెలిచినదానితో కలుపుకోవచ్చు. ఆ తర్వాత ఏ రౌండూ గెలవకపోతే మొత్తం పోతుంది.

మీరు చెప్పిన లిస్టు నాకు నోటికి వచ్చు. కలర్ టీవీ, మైక్రోవేవ్, మిగిలింది గిఫ్ట్ సర్టిఫికెట్. వంటింట్లో లూసీ వాచీ పట్టుకుని నాచేత ప్రాక్టీస్ చేయించింది. "మమ్మీ, గ్రోసరీ లిస్ట్ చదువుతున్నట్టు చెప్తున్నావ్. కొంచెం స్మైల్ చెయ్!" అని ఒకటే నవ్వు.

తీరా అక్కడ చూస్తే, టీవీ పక్కన ఒక పెద్ద అట్ట నిలబెట్టి ఉంది. దాని మీద మీ పార్సిప్పనీకి గంట దూరంలో ఉన్న న్యూయార్క్ మేడల బొమ్మ. ఇద్దరికి విమానం, నాలుగు రాత్రులు హోటల్, రెండువేల మూడువందల నలభై. నా దగ్గర ఐదువందల తొంభై తక్కువ.

"ముందు ఏం కావాలి, కరూనా?" అన్నాడు ఆట నడిపే ఆయన.

"మొత్తం ఆన్ అకౌంట్" అన్నాను.

"మొత్తమా? ఆ కుక్క కూడా వద్దా?" అన్నాడు. నూట యాభై నాలుగు డాలర్ల పింగాణీ కుక్క అది. జనం నవ్వారు. వద్దన్నాను.

తర్వాత వచ్చినవన్నీ బేస్‌బాల్ మాటలూ సినిమా పేర్లూ. నాకు ఒక్కటీ తెలియలేదు. పక్కావిడ గెలిచింది. ఆ కుక్కని కూడా ఆవిడే కొనుక్కుంది. నా డబ్బంతా పోయింది. పాల డబ్బా కూడా రెండు షాపుల్లో ధర చూసిగానీ కొనని మనిషిని, నా బుద్ధి ఏమైందని మీరు కోప్పడతారని దాచాను.

పోయిన క్రిస్మస్‌కి నేనే వస్తానంటే "రానూపోనూ ఛార్జీలు దండగ" అని రాశారు. సరే అన్నాను. ఒక్క ఏడాదే అని వెళ్ళారు, రెండో ఏడాదికీ సరే అన్నాను. ఇప్పుడు కంపెనీ మూడో ఏడాది ఉండమంటోందనీ, నెలాఖరులోగా చెప్పాలనీ, "నీకు అభ్యంతరం లేదు కదా" అనీ రాశారు. దానికి జవాబు మూడుసార్లు రాసి చింపేశాను. ఈ ఉత్తరంలో కూడా రాయలేకపోతున్నాను.

మీ
కరుణ

*

శాంటా క్లారా
21 అక్టోబర్ 1983

మా వారికి,

ఆదివారం తప్ప ఫోన్ చేయని మనిషి నిన్న, గురువారం పొద్దున్నే ఎనిమిదిన్నరకి చేస్తే, ఏం వినాల్సి వస్తుందోనని భయపడ్డాను. మీ గడియారం మాకంటే మూడు గంటలు ముందు కదా, మీకు అక్కడ ఆట అయిపోయింది, మాకింకా మొదలే కాలేదు. "ఆఫీసుకి సెలవు పెట్టి చూశానే! ఆ కుక్కనన్నా కొనుక్కోకపోయావా?" అని మీరు నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత అడిగారు. "ఒక్కటి అర్థం కాలేదు కరుణా. నేను ఇక్కడే ఉన్నాను కదా, ఇద్దరికి టికెట్ ఏం చేసుకుందామని? నువ్వు లెక్క తప్పవే!" లూసీ ఎదురుగా ఉంది. "తర్వాత రాస్తాను" అని ఫోన్ పెట్టేశాను.

లెక్క తప్పలేదండీ. అవి రానూపోనూ టికెట్లు. మీ దగ్గరికి వచ్చేటప్పుడు నా పక్క సీటు ఖాళీగా ఉన్నా పరవాలేదు. ఇంటికి వచ్చేటప్పుడు రెండు సీట్లూ నిండాలి.

మీరు అడిగినదానికి ఇదే జవాబు. నాకు అభ్యంతరం ఉంది.

మీ
కరుణ

*

పార్సిప్పనీ
27 అక్టోబర్ 1983

కరుణా,

నీ ఉత్తరం నిన్న చేరింది. ఈ పూట వెళ్ళి కంపెనీకి ఉండనని చెప్పేశాను. శాంటా క్లారాలో పాత పని ఇస్తారట, జీతం కొంచెం తగ్గించి. నువ్వు సర్దుకోగలవని నాకు తెలుసు. నేనే ఇన్నాళ్ళూ నీ మనసు తెలుసుకోలేదు. నువ్వు సరే అంటుంటే నిజంగా సరేననే అనుకున్నానే.

డిసెంబర్ పదిహేడున నెవార్క్‌లో విమానం ఎక్కుతాను. ట్రావెల్ ఏజెంటు ఒక విచిత్రం చెప్పాడు. ఒకవైపు టికెట్టే ఖరీదట, రానూపోనూ అయితే చవకట. "రానూపోనూ తీసుకో, తిరుగు టికెట్ పారేయ్, ఎనభై డాలర్లు మిగులుతాయి" అన్నాడు. నా సంగతి నీకు తెలుసుగా, వెంటనే ఆ చవకదే అనబోయాను.

ఒకవైపుదే కొన్నాను. తిరుగు టికెట్ జేబులో పెట్టుకుని మన ఇంటి గడప ఎక్కలేను.

నీ
రత్నరాజు